వెబ్ పేజీలో ఒక భాగంలోకి మ్యాప్‌ను తెచ్చి నిలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో కృష్ణా నది ఒడ్డున ఉన్న స్నానఘట్టాల సమాచారం ఇచ్చే ఒక పేజీని ఊహించుకోండి. ఎడమ పక్కన దుర్గా ఘాట్, పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్, పున్నమి ఘాట్, భవానీ ఘాట్ అని ఒక జాబితా ఉంటుంది. అందులో ఒక పేరును నొక్కగానే, పేజీ మొత్తం మళ్ళీ లోడ్ కాకుండా, కుడి పక్కన ఉన్న పెట్టెలోకి మాత్రమే ఆ ఘాట్ చుట్టుపక్కల మ్యాప్ వచ్చి నిలవాలి. దాన్ని వేలితో జరుపుకోవడానికి, దగ్గరగా తెచ్చుకుని చూడడానికి వీలుండాలి. కోరిక చిన్నదే గాని, మొదటిసారి చేసేవారిలో చాలామంది ఇక్కడే రెండు మూడు రోజులు చిక్కుకుపోతారు. బొమ్మను ఎక్కడ పెట్టినా అది బొమ్మగానే ఉంటుంది. మ్యాప్ మాత్రం తనను పెట్టిన పెట్టె పొడవు వెడల్పులను కొలుచుకుని, ఆ కొలతను బట్టే మిగతా పనంతా చేసుకునే ప్రోగ్రాం. ఈ సంగతిని మనసులో ఉంచుకుంటే కింది సమాధానాలలో సగం మీకే తడతాయి. ఉదాహరణలు ప్రధానంగా లీఫ్‌లెట్ లైబ్రరీ (పేజీలో మ్యాప్‌ను నిలిపే సిద్ధమైన కోడ్), ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (స్వచ్ఛందంగా అందరూ కలిసి తయారుచేసే ప్రపంచ పటం) ఆధారంగా ఇచ్చాను. గూగుల్ మ్యాప్స్‌లో తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెప్పాను.

ప్రశ్న: మ్యాప్‌ను పేజీతో పాటే తెచ్చేస్తే సరిపోదా? తర్వాత విడిగా తేవడం ఎందుకు?

సరిపోయే పేజీలూ ఉన్నాయి. వచ్చిన ప్రతివారూ మ్యాప్ కోసమే వస్తున్నట్లయితే దాన్ని ఆలస్యం చేయడంలో అర్థం లేదు. అయితే మన ఘాట్ల పేజీకి వచ్చేవారిలో కొందరికి దారి కావాలి, కొందరికి వేళలు కావాలి, మరికొందరికి దుస్తులు మార్చుకునే గదులు ఉన్నాయో లేదో తెలిస్తే చాలు. లీఫ్‌లెట్ స్క్రిప్టు కుదించిన రూపంలో దాదాపు 42 కిలోబైట్లే అయినా, దాని వెంట స్టైల్ ఫైలు, గుర్తుల బొమ్మలు, ఆపైన మ్యాప్ ముక్కలు వరుసగా దిగుతాయి. సిగ్నల్ సరిగా అందని చోట, పాత ఫోనులో ఈ పేజీని తెరిచిన యాత్రికుడికి మ్యాప్ ముక్కలు ముందు దిగి, ఘాట్ పేరు, చిరునామా తర్వాత కనిపిస్తే అది మనం చేసిన అన్యాయమే అవుతుంది.

పేజీలో ఒక భాగాన్ని మాత్రమే మార్చే ఈ పద్ధతికి, మ్యాప్‌లకు మొదటినుంచీ చుట్టరికం ఉంది. గూగుల్ మ్యాప్స్ 2005 ఫిబ్రవరిలో వచ్చింది. అదే నెలలో వెబ్ డిజైన్ నిపుణుడు జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెడుతూ, ఉదాహరణగా చూపినవాటిలో గూగుల్ మ్యాప్స్ కూడా ఒకటి.

ప్రశ్న: ఐఫ్రేమ్ పెట్టేస్తే పని అయిపోతుంది కదా?

ఒకే ఒక చోటును చూపడమే పని అయితే, అవును, ఐఫ్రేమే (మీ పేజీలోనే మరో సైటు పేజీని చూపే పెట్టె) మంచి మార్గం. గూగుల్ మ్యాప్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రెండూ నకలు చేసుకుని అతికించుకోగల ఐఫ్రేమ్ కోడ్‌ను ఇస్తాయి. దానికి లోడింగ్ అనే లక్షణాన్ని లేజీ అని పెడితే, చదివేవారు ఆ భాగానికి దగ్గరయ్యే వరకూ బ్రౌజర్ దాన్ని తేకుండా ఆగుతుంది. కింద మనం చర్చించే చిక్కుల్లో చాలావాటితో మీకు నిమిత్తమే ఉండదు.

ఐఫ్రేమ్ చాలని సందర్భం ఎప్పుడు వస్తుందంటే, మీ జాబితా, మ్యాప్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు. పేరు నొక్కితే మ్యాప్ కదలాలి, మ్యాప్‌లో గుర్తును నొక్కితే జాబితాలో ఆ పేరు వెలగాలి, మీ దగ్గర ఉన్న సమాచారంతో గుర్తులు రావాలి అంటే, వేరే సైటు నుంచి వచ్చిన ఐఫ్రేమ్ లోపలికి మీ స్క్రిప్టు చేయి పెట్టలేదు. అప్పుడు లైబ్రరీ తప్పదు.

ప్రశ్న: మ్యాప్ లోపల అసలు ఏం జరుగుతుంది?

మ్యాప్ అంతా 256 పిక్సెళ్ళ చదరపు ముక్కలుగా, అంటే టైళ్ళుగా, సర్వరులో ఉంటుంది. జూమ్ 0 దగ్గర ప్రపంచమంతా ఒకే టైల్. జూమ్ ఒక మెట్టు పెరిగినప్పుడల్లా ప్రతి టైల్ నాలుగవుతుంది. కాబట్టి జూమ్ 10 దగ్గర 10,48,576 టైళ్ళు, జూమ్ 15 దగ్గర 107 కోట్లకు పైగా టైళ్ళు అవుతాయి. వీటిలో మీ పెట్టెలో కనిపించవలసినవి ఏవో లెక్కగట్టి, వాటిని మాత్రమే తెచ్చి, సందులు లేకుండా పేర్చడం లైబ్రరీ చేసే పని.

ఆ లెక్కకు మూడు సంగతులు కావాలి: మధ్యబిందువు, జూమ్ మెట్టు, పెట్టె కొలత. ఫోనులో 360 పిక్సెళ్ళ వెడల్పు, 400 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న పెట్టెకు, ముక్కల అంచులు ఎక్కడ పడ్డాయన్నదాన్ని బట్టి 4 నుంచి 9 టైళ్ళు చాలు. అదే పెద్ద తెరపై 1200 పిక్సెళ్ళ వెడల్పు, 600 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న పెట్టెకు 15 నుంచి 24 వరకూ కావాలి. విజయవాడ అక్షాంశం దగ్గర జూమ్ 15లో ఒక్కొక్క పిక్సెల్ నేల మీద దాదాపు 4.6 మీటర్లు, అంటే 1,223.5 మీటర్ల ప్రకాశం బ్యారేజీ తెర మీద దాదాపు 267 పిక్సెళ్ళలో ఇమిడిపోతుంది. ఘాట్లకు ఏ జూమ్ మెట్టు పెట్టాలో ఇలా ముందే లెక్క వేసుకోవచ్చు. గుడ్డిగా అంకెలు మార్చి చూడనక్కరలేదు.

ప్రశ్న: సర్వర్ నుంచి తెచ్చిన హెచ్‌టీఎంఎల్ ముక్కలో మ్యాప్ స్క్రిప్టు కూడా ఉంది. ముక్క పేజీలో కనిపిస్తోంది గాని మ్యాప్ రావడం లేదు. ఎందుకు?

ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (ఒక పెట్టె లోపలి విషయాన్ని కోడ్‌తో మార్చే పద్ధతి) ద్వారా పేజీలోకి చేర్చిన స్క్రిప్టు ట్యాగులను బ్రౌజర్ నడపదు. ఇది మీ తప్పూ కాదు, బ్రౌజర్ లోపమూ కాదు; హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఆ నియమం ఉంది. జేక్వెరీ అనే లైబ్రరీలోని లోడ్ ఫంక్షన్ వాడేవారికి ఇదే చిక్కు మరింత తికమకగా ఎదురవుతుంది: చిరునామా ఒక్కటే ఇస్తే ముక్కలోని స్క్రిప్టులు నడుస్తాయి, చిరునామా పక్కన సెలెక్టర్ (పేజీలో ఏ భాగమో చెప్పే గుర్తు) కూడా చేర్చి ఫలానా భాగం మాత్రమే కావాలంటే స్క్రిప్టులను ముందే తీసేస్తుంది. నిన్నటి వరకూ పనిచేసిన మ్యాప్ సెలెక్టర్ చేర్చగానే మాయమైందంటే కారణం ఇదే.

మంచి పద్ధతి ఏమిటంటే, సర్వర్ నుంచి వచ్చే ముక్కలో స్క్రిప్టు ఉంచకూడదు. ఆ ముక్కలో ఖాళీ పెట్టె మాత్రమే ఉండాలి. అక్షాంశం, రేఖాంశం, పేరు వంటివి ఆ పెట్టెకే డేటా లక్షణాలుగా అంటి ఉండాలి. మ్యాప్‌ను నిలిపే ఫంక్షన్ మొదటి పేజీలోనే ఉండి, ముక్క పేజీలోకి చేరిన మరుక్షణం ఆ పెట్టెను చేతికి తీసుకుని పని మొదలుపెట్టాలి. సమాచారం ఒకచోట, పని చేసే కోడ్ మరొకచోట ఉండడం వల్ల తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం కూడా తేలికవుతుంది.

ప్రశ్న: "ఎల్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని కొన్నిసార్లు వస్తోంది, కొన్నిసార్లు రావడం లేదు. ఏమిటిది?

లీఫ్‌లెట్ అందించే పనులన్నీ ఎల్ అనే ఒక్క పేరు కింద ఉంటాయి. లైబ్రరీ ఇంకా దిగకముందే మీ కోడ్ ఆ పేరును పిలిస్తే ఈ ఫిర్యాదు వస్తుంది. మీ కంప్యూటరులో ఫైలు ముందే దాచి ఉంటుంది కాబట్టి బాగానే నడుస్తుంది, మొదటిసారి వచ్చినవారికి మాత్రం విఫలమవుతుంది. అందుకే ఈ లోపం చేసినవారి కళ్ళబడకుండా చాలా కాలం బతికేస్తుంది.

కోడ్ ద్వారా కొత్తగా స్క్రిప్టు ట్యాగును సృష్టించి పేజీకి చేర్చితే, అది వరుస పాటించదు. ఏది ముందు దిగితే అది ముందు నడుస్తుంది. లీఫ్‌లెట్‌తో పాటు దాని మీద ఆధారపడే మరో ప్లగిన్ (అదనపు సౌకర్యం ఇచ్చే కోడ్) కూడా తెస్తున్నట్లయితే, రెండింటికీ ఎసింక్ లక్షణాన్ని ఫాల్స్ అని పెట్టాలి, లేదా మొదటిదాని ఆన్‌లోడ్ సంకేతం అందాకనే రెండోదాన్ని చేర్చాలి. నేను ఎప్పుడూ రెండో దారినే పడతాను. లైబ్రరీని తెచ్చే ఫంక్షన్ ఒక ప్రామిస్‌ను (పని పూర్తయ్యాక ఫలితం అందిస్తానన్న హామీని) తిరిగి ఇవ్వాలి, ఆ ప్రామిస్‌ను దాచి ఉంచుకోవాలి. అప్పుడు పది ఘాట్లు నొక్కినా లైబ్రరీ ఒక్కసారే దిగుతుంది. తేవడం విఫలమైతే దాచిన ప్రామిస్‌ను చెరిపేయడం మరవకూడదు, లేకపోతే నెట్ తిరిగి వచ్చాక కూడా మ్యాప్ రాదు.

స్టైల్ ఫైలు కోసం కూడా ఇలాగే ఆగాలి. అది రాకముందే మ్యాప్‌ను నిలిపితే టైళ్ళు తమ చోట్లలో కుదురుకోకుండా, ఒకదాని కింద ఒకటి జారి, పేజీ అంతా చెల్లాచెదురుగా పడతాయి. ఇలా కనిపిస్తే మరేదీ వెతకకుండా ముందు స్టైల్ ఫైలు దిగిందో లేదో చూడండి.

గూగుల్ మ్యాప్స్ విషయంలో కాల్‌బ్యాక్ (లైబ్రరీ దిగాక నడవవలసిన ఫంక్షన్) పేరును స్క్రిప్టు చిరునామాలోనే ఇచ్చే పద్ధతి ఉంది. ఇంపోర్ట్‌లైబ్రరీ అనే కొత్త పద్ధతిలో కావలసిన భాగాన్ని అవసరమైనప్పుడే తెప్పించుకోవచ్చు. ఒకే పేజీలో ఆ స్క్రిప్టును రెండుసార్లు చేర్చితే బ్రౌజర్ కన్సోల్‌లో (తప్పుల సందేశాలు కనిపించే చోట) హెచ్చరిక కనిపిస్తుంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు.

ప్రశ్న: మ్యాప్ వచ్చింది గాని, పెట్టె అంతా బూడిద రంగులో ఉండి ఎడమ పై మూలన ఒక్క ముక్క మాత్రమే కనిపిస్తోంది. ఏం చేయాలి?

ఈ అంశం మీద అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నేను ఒక సంస్థకు శాఖల చిరునామాల పేజీ చేసినప్పుడు మూడు ట్యాబులు పెట్టాను. మొదటి ట్యాబులో ఫోన్ నంబర్లు, రెండో దానిలో వేళలు, మూడో దానిలో మ్యాప్. మూడో ట్యాబు తెరవగానే బూడిద రంగు పెట్టె, మూలన చిన్న ముక్క. టైల్ సర్వర్ మీద అనుమానంతో సర్వరు మార్చాను, నెట్ మీద అనుమానంతో ఫోను మార్చాను. చివరికి బ్రౌజర్‌లో పనిముట్ల కిటికీ తెరిచి కన్సోల్ వైపు చూస్తుండగా, మ్యాప్ ఉన్నట్టుండి పూర్తిగా నిండిపోయింది. కిటికీ తెరుచుకోవడంతో పేజీ వెడల్పు మారింది. వెడల్పు మారిందన్న సంకేతం అందగానే లీఫ్‌లెట్ పెట్టెను మళ్ళీ కొలుచుకుంది. అసలు కారణం అప్పుడు అర్థమైంది.

మూసి ఉన్న ట్యాబుకు సాధారణంగా స్టైల్‌లో డిస్‌ప్లే నన్ (చూపవద్దు) అని ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న పెట్టెకు బ్రౌజర్ దృష్టిలో వెడల్పు సున్నా, ఎత్తు సున్నా. లీఫ్‌లెట్ తనను నిలిపిన క్షణంలో పెట్టెను కొలిచి ఆ కొలతను గుర్తుపెట్టుకుంటుంది. సున్నా పెట్టెకు ఒక్క టైల్ చాలు కాబట్టి ఒక్కటే తెస్తుంది. తర్వాత ట్యాబు తెరుచుకుని పెట్టె పెద్దదైనా, లీఫ్‌లెట్ 1 శ్రేణి కూర్పులు బ్రౌజర్ కిటికీ పరిమాణం మారినప్పుడు మాత్రమే తిరిగి కొలుస్తాయి గాని, పేజీ లోపలి పెట్టె పెరగడాన్ని తమంతట తాము గమనించవు.

కాబట్టి దారులు రెండు. వీలైతే, పెట్టె కళ్ళకు కనిపించిన తర్వాతే మ్యాప్‌ను నిలపండి. ఇది అన్నిటికంటే శుభ్రమైన దారి. అలా కుదరకపోతే, పెట్టె కనిపించిన వెంటనే మ్యాప్ మీద ఇన్‌వ్యాలిడేట్‌సైజ్ అనే పనిని పిలవండి, అది పెట్టెను మళ్ళీ కొలిపిస్తుంది. పెట్టె మెల్లగా విచ్చుకునేలా యానిమేషన్ ఉంటే, అది పూర్తయిందన్న సంకేతం వచ్చాకనే పిలవాలి. మధ్యలో పిలిస్తే సగం కొలతే అందుతుంది. చాలామంది ఇక్కడ అర సెకను ఆగి పిలిచే టైమర్ పెడతారు. వేగంగా ఉన్న ఫోనులో అది అనవసరమైన ఆలస్యం, నిదానంగా ఉన్న ఫోనులో చాలని ఆలస్యం. దానికి బదులు, పెట్టె కొలత మారడాన్ని గమనించే రీసైజ్‌అబ్జర్వర్‌ను పెట్టెకు కట్టి, అందులో ఇన్‌వ్యాలిడేట్‌సైజ్‌ను పిలిస్తే, పెట్టె ఏ కారణంతో మారినా, ఎన్నిసార్లు మారినా కొలత దానంతట అదే సరవుతుంది.

మరొక్క మాట. అన్ని గుర్తులూ తెరలో ఇమిడేలా ఫిట్‌బౌండ్స్ వాడినవారు, సున్నా పెట్టెలో దాన్ని పిలిచి ఉంటే జూమ్ కూడా తప్పుగా కుదురుతుంది. కొలత సరిచేసిన తర్వాత ఫిట్‌బౌండ్స్‌ను కూడా మళ్ళీ పిలవాలి.

ప్రశ్న: బూడిద రంగు కూడా లేదు, అసలు పెట్టే కనిపించడం లేదు.

ఎత్తు ఇవ్వలేదు. పెట్టెగా వాడే డివ్ ట్యాగు ఖాళీగా ఉంటే దాని ఎత్తు సున్నా. ఎత్తును శాతాలలో ఇచ్చి ఉంటే, దాని తల్లి పెట్టెకు కూడా నిర్దిష్టమైన ఎత్తు ఉండాలి. లేకపోతే సున్నాలో నూరు శాతం కూడా సున్నాయే. మ్యాప్ రాకముందే ఆ ఎత్తును కేటాయించి ఉంచడం వల్ల ఇంకో మేలు ఉంది: మ్యాప్ దిగగానే కింద ఉన్న పాఠం ఒక్కసారిగా జారిపోదు, చదివేవారు తాము చదువుతున్న వరుసను పోగొట్టుకోరు.

ప్రశ్న: మొదటి ఘాట్ బాగానే వచ్చింది. రెండోది నొక్కితే "మ్యాప్ కంటైనర్ ఈజ్ ఆల్రెడీ ఇనిషియలైజ్డ్" అంటోంది.

ఒకసారి మ్యాప్ నిలిపిన పెట్టెలో మళ్ళీ కొత్త మ్యాప్‌ను నిలపబోయారు. ఘాట్ మారినప్పుడల్లా కొత్త మ్యాప్ అవసరం లేదు. ఉన్న మ్యాప్‌నే సెట్‌వ్యూ ద్వారా కొత్త చోటుకు జరిపి, గుర్తు మార్చితే చాలు. అప్పటికే దిగిన టైళ్ళు కూడా పనికొస్తాయి, పున్నమి ఘాట్, భవానీ ఘాట్ రెండూ భవానీపురం వైపే ఉన్నాయి కాబట్టి కొత్తగా దిగవలసినవి కొద్దిగానే ఉంటాయి.

పెట్టెనే పేజీ నుంచి తీసేసి, మరో ముక్కతో కొత్త పెట్టె తెచ్చే నిర్మాణం మీది అయితే, పాత పెట్టెను తీసేముందు మ్యాప్ మీద రిమూవ్‌ను పిలవాలి. పెట్టెను మాత్రమే తీసేస్తే మ్యాప్ కళ్ళకు కనిపించదు గాని, అది కిటికీకి కట్టిన సంకేతాలు, పట్టి ఉంచిన మెమరీ అలాగే మిగిలిపోతాయి. రియాక్ట్ అనే లైబ్రరీతో పేజీలు కట్టేవారు మ్యాప్‌ను నిలిపే ఎఫెక్ట్ లోనే రిమూవ్‌ను పిలిచే శుభ్రపరిచే ఫంక్షన్‌ను తిరిగి ఇవ్వాలి. రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్‌లో, అభివృద్ధి దశలో, ఎఫెక్ట్ కావాలనే రెండుసార్లు నడుస్తుంది. శుభ్రపరచడం మరిచినవారికి ఈ ఫిర్యాదు మొదటి రోజే కనిపించడానికి అదే కారణం.

ప్రశ్న: వెంటవెంటనే రెండు పేర్లు నొక్కితే, చివరగా నొక్కినది కాకుండా మొదటిది కనిపిస్తోంది.

మొదటి అభ్యర్థనకు సమాధానం ఆలస్యంగా వచ్చి, రెండోదాని మీద కూర్చుంది. కొత్త అభ్యర్థన పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్ ద్వారా రద్దు చేయండి. వినియోగదారు మ్యాప్‌ను జరిపినప్పుడల్లా కనిపిస్తున్న మేరకే గుర్తులు తెచ్చే పేజీలలో ఇది మరీ ముఖ్యం. అక్కడ మూవ్‌ఎండ్ (జరపడం ఆగింది) సంకేతం తర్వాత కొన్ని వందల మిల్లీసెకన్లు ఆగి, వేలు నిలకడగా ఉన్నాకనే సర్వరును అడగాలి.

ప్రశ్న: మ్యాప్‌ను ఎప్పుడు తేవడం మంచిది? పేజీని కిందికి జరిపినప్పుడా, బటన్ నొక్కినప్పుడా?

పెట్టె తెరకు దగ్గరవడాన్ని గమనించే ఇంటర్‌సెక్షన్‌అబ్జర్వర్ ద్వారా, పెట్టె తెరకు 200 పిక్సెళ్ళ దూరంలోకి రాగానే తేవడం మొదలుపెట్టడం ఇప్పుడు మామూలు పద్ధతి. నా అభిప్రాయం మాత్రం సందర్భాన్ని బట్టి మారుతుంది. మ్యాప్ పేజీ మధ్యలో ఉండి, కింద ఇంకా చదవవలసింది ఉంటే, దాటిపోయే ప్రతివారికీ దాన్ని దింపడం వృథా. అక్కడ "మ్యాప్ చూపండి" అనే బటన్ పెట్టడమే మర్యాద. మ్యాప్ సర్వరు వేరే సంస్థది అయినప్పుడు, టైళ్ళు దిగగానే చూసేవారి ఐపీ చిరునామా ఆ సంస్థకు చేరుతుంది కాబట్టి, బటన్ వల్ల వారి అనుమతి కూడా అడిగినట్లవుతుంది.

ప్రశ్న: గుర్తు విజయవాడలో కాకుండా ఎక్కడో మంచు సముద్రంలో పడింది!

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. ప్రకాశం బ్యారేజీ దాదాపు 16.506 ఉత్తర అక్షాంశం, 80.605 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండింటినీ అటుదిటు చేస్తే స్వాల్బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. లీఫ్‌లెట్ అక్షాంశాన్ని ముందు అడుగుతుంది. 2016లో ప్రమాణంగా స్థిరపడిన జియోజేసన్ (మ్యాప్ సమాచారాన్ని రాసే ఫైలు పద్ధతి) మాత్రం రేఖాంశాన్ని ముందు రాయమంటుంది. జియోజేసన్ ఫైలును లీఫ్‌లెట్ జియోజేసన్ పొరకే నేరుగా ఇస్తే అదే సరిచూసుకుంటుంది. మీరు చేత్తో అంకెలు విడదీసి గుర్తులు పెట్టినప్పుడే ఈ పొరపాటు దొర్లుతుంది. తెలుగు రాష్ట్రాల చోట్లకు ఒక తేలిక పరీక్ష ఉంది: అక్షాంశం 12కు 20కి మధ్య, రేఖాంశం 76కు 85కు మధ్య ఉండాలి. సమాచారం ఎక్కించే ఫారంలోనే ఈ హద్దులు పెట్టండి.

గుర్తు చోటు సరిగానే ఉండి, దాని బొమ్మ మాత్రం విరిగినట్లు కనిపిస్తే, మీ బండ్లర్ (ఫైళ్ళను ఒకచోట కూర్చే పనిముట్టు) ఆ బొమ్మ ఫైలు దారిని మార్చేసింది. బొమ్మల చిరునామాలను మీరే విడిగా చెప్పాలి.

ప్రశ్న: జిల్లాల సరిహద్దులు కూడా గీయాలి. ఫైలు ఎక్కడిదైనా పరవాలేదా?

పరవాలేదనుకోకండి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో మరో రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నెట్‌లో దొరికే ఫైళ్ళలో చాలా వాటిలో పాత హద్దులే ఉంటాయి. ఫైలును ఏ తేదీ నాటి హద్దులతో చేశారో చూసుకుని, ఆ తేదీని మ్యాప్ కింద రాయండి. హద్దుల ఫైలును కోడ్‌లో కలిపేయకుండా విడిగా ఉంచితే, రేపు మళ్ళీ మారినప్పుడు ఆ ఒక్క ఫైలును మార్చితే సరిపోతుంది.

దేశ సరిహద్దుల విషయం ఇంకా గట్టిది. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన పటాలకు భిన్నంగా భారత సరిహద్దులను చూపడం మన దేశంలో చట్టరీత్యా నేరం. విదేశీ టైల్ సర్వర్లు కొన్ని సరిహద్దులను వేరుగా గీస్తాయి. మీ మ్యాప్‌ను కృష్ణా తీరానికే పరిమితం చేసి, మ్యాక్స్‌బౌండ్స్, మిన్‌జూమ్ పెట్టి అంతకు మించి బయటికి పోకుండా చేస్తే ఆ ఇబ్బందే రాదు. ఘాట్ వెతుక్కునేవారికి ప్రపంచ పటంతో పని కూడా లేదు.

ప్రశ్న: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైళ్ళు ఉచితమే కదా, ఎంతైనా వాడుకోవచ్చా?

సమాచారం స్వేచ్ఛగా వాడుకోదగినది. సర్వరు మాత్రం విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల శ్రమ మీద నడుస్తున్నది. స్టీవ్ కోస్ట్ 2004లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, షరతు ఏమిటంటే మ్యాప్ మీద వారి పేరు కనిపించాలి. డిజైన్‌కు అడ్డం వస్తోందని మూలన ఉన్న ఆ చిన్న వాక్యాన్ని దాచేసేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి, వీధి వీధినా తిరిగి పేర్లు నమోదు చేసినవారికి దక్కే గుర్తింపు అదొక్కటే. సర్వరు నియమాల ప్రకారం టైళ్ళను టోకున దింపుకోకూడదు, భారీ రద్దీ ఉన్న సైట్లు వాడకూడదు, అభ్యర్థన ఏ పేజీ నుంచి వస్తోందో తెలియాలి. మీ సైటులో రెఫరర్ పాలసీని నో రెఫరర్ అని పెట్టి ఉంటే టైళ్ళు ఆగిపోవచ్చు, కాబట్టి అది కూడా చూసుకోండి. పుష్కరాల వంటి సమయానికి లక్షలమంది వస్తారనుకుంటే, డబ్బు చెల్లించే టైల్ సేవనో, సొంత సర్వరునో ముందే ఏర్పాటు చేసుకోవడం బాధ్యత. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి నడుపుతున్న భువన్ కూడా మ్యాప్ పొరలను అందిస్తుంది. వాటిని డబ్ల్యూఎంఎస్ (వెబ్ మ్యాప్ సర్వీస్) పద్ధతిలో లీఫ్‌లెట్‌కు కలుపుకోవచ్చు.

గూగుల్ మ్యాప్స్ లైబ్రరీకి కీ (గూగుల్ ఇచ్చే గుర్తింపు అక్షరాల వరుస) కావాలి, ఆ కీ పేజీ సోర్సులో అందరికీ కనిపిస్తుంది. దాన్ని దాచడం సాధ్యం కాదు. మీ సైటు పేరు మీద మాత్రమే పనిచేసేలా కట్టడి చేయడం సాధ్యం, తప్పనిసరి కూడా.

ప్రశ్న: మ్యాప్ మీద పేర్లు తెలుగులో కనిపించాలంటే?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక్కొక్క చోటుకు ప్రధానమైన పేరుతో పాటు ఇతర భాషల పేర్లు కూడా నమోదు చేయవచ్చు, తెలుగు పేర్లు కూడా అలాగే ఉంటాయి. మామూలు టైళ్ళు ముందే గీసిన బొమ్మలు కాబట్టి వాటి మీది భాషను మనం మార్చలేం. వెక్టర్ టైళ్ళు (బొమ్మలుగా కాక సమాచారంగా వచ్చి, బ్రౌజర్‌లోనే గీసుకునే ముక్కలు) వాడే మ్యాప్‌లిబ్రే వంటి లైబ్రరీలలో తెలుగు పేరునే ఎంచుకుని చూపమని చెప్పవచ్చు. కాని అక్కడ మన లిపికి ఒక పెద్ద చిక్కు ఉంది. ఆ లైబ్రరీలు అక్షర రూపాలను ఒక్కొక్కటిగా తెచ్చి పక్కపక్కన పేరుస్తాయి. ఇంగ్లీషుకు అది చాలు. "కృష్ణా" అన్న మాటలో కకు వట్రసుడి చేరాలి, ష కింద ణ వత్తు దిగాలి, ఆపైన దీర్ఘం రావాలి. ఈ కూర్పు జరగకపోతే వత్తులు, గుణింతాలు విడివిడిగా పడి పేరు చదవరాకుండా పోతుంది. "స్నానఘట్టం" కూడా అంతే.

ప్రస్తుతానికి నేను చేసేది ఇది: వెనుక మామూలు టైళ్ళు ఉంచి, ఘాట్ల పేర్లను లీఫ్‌లెట్ టూల్‌టిప్పులుగా, పాపప్పులుగా పెడతాను. అవి మామూలు హెచ్‌టీఎంఎల్ కాబట్టి బ్రౌజరే అక్షరాలను కూర్చుతుంది, మన లిపి నిండుగా, సరిగ్గా కనిపిస్తుంది. గుర్తు పక్కన "దుర్గా ఘాట్" అని తెలుగులో ఉండడం, అన్ని పేర్లూ తెలుగులో లేకపోయినా, పల్లె నుంచి వచ్చిన పెద్దావిడకు ఎంతో ఉపకరిస్తుంది.

ప్రశ్న: ఫోనులో పేజీని కిందికి జరపబోతే మ్యాప్ జరుగుతోంది.

మ్యాప్ తెర వెడల్పంతా ఆక్రమించినప్పుడు వేలికి పేజీ దొరకదు. పక్కన కొంత చోటు వదలండి, ఎత్తు తెరలో మూడింట రెండు వంతులు మించనీయకండి. గూగుల్ మ్యాప్స్‌లో గెశ్చర్‌హ్యాండ్లింగ్‌ను కోఆపరేటివ్ అని పెడితే రెండు వేళ్ళతోనే మ్యాప్ కదులుతుంది. లీఫ్‌లెట్‌లో మౌస్ చక్రంతో జూమ్ కాకుండా ఆపి, ఫోనులో ఒకసారి తాకాకనే జరిగేలా చేయవచ్చు.

పైన ఉన్న మెనూ మీదికి మ్యాప్ బటన్లు పొడుచుకు రావడం దీనికి దగ్గరి ఇబ్బంది. లీఫ్‌లెట్ నియంత్రణల జెడ్ ఇండెక్స్ (ఏది పైన కనిపించాలో చెప్పే అంకె) 1000 వరకూ ఉంటుంది. మెనూకు పదివేలు పెట్టి పోటీపడే బదులు, మ్యాప్ పెట్టెకు ఐసొలేషన్ ఐసొలేట్ అని పెడితే ఆ అంకెలు పెట్టె లోపలికే పరిమితమవుతాయి.

ప్రశ్న: "నేను ఉన్న చోటు" బటన్ నా కంప్యూటరులో పనిచేస్తోంది, సైటులో పనిచేయడం లేదు.

సైటు హెచ్‌టీటీపీఎస్ మీద లేదు. చోటు తెలుసుకునే సౌకర్యాన్ని బ్రౌజర్లు సురక్షితమైన పేజీలకే ఇస్తాయి. సొంత కంప్యూటరులోని లోకల్‌హోస్ట్‌కు మినహాయింపు ఉంది. అనుమతిని పేజీ తెరుచుకోగానే కాకుండా, బటన్ నొక్కినప్పుడే అడగండి.

ప్రశ్న: మ్యాప్ అసలు రాకపోతే పేజీలో ఏముండాలి?

మ్యాప్ చూపే ప్రతి విషయమూ మాటల్లో కూడా ఉండాలి: ఘాట్ పేరు, చిరునామా, దగ్గరి గుర్తు, బస్టాండ్ నుంచి వెళ్ళే దారి. ఇది చూపు లేనివారికి, స్క్రిప్టు దిగనివారికి, ఎండలో తెర కనిపించనివారికి ఒకేలా ఉపయోగపడుతుంది. జాబితాలోని ప్రతి పేరూ మామూలు లింకుగా ఉండి, దాని చిరునామా ఆ ఘాట్ వివరాలకే వెళ్ళాలి. స్క్రిప్టు ఉన్నప్పుడు మాత్రమే ఆ నొక్కును పట్టుకుని మ్యాప్‌ను కదపాలి. ఎంచుకున్న ఘాట్ పేరును పేజీ చిరునామాలో చేర్చితే, వెనక్కి బటన్ సరిగా పనిచేస్తుంది, ఆ లింకును ఇంట్లోవాళ్ళకు పంపినా అదే ఘాట్ తెరుచుకుంటుంది.

పేజీ సిద్ధమయ్యాక బ్రౌజర్ పనిముట్లలో నెట్ వేగాన్ని తగ్గించి, దాచిన ఫైళ్ళను తీసేసి, మొదటిసారి వచ్చినవారిలా ఒకసారి తెరిచి చూడండి. తర్వాత టైల్ సర్వరును పూర్తిగా అడ్డుకుని ఇంకొకసారి తెరవండి. ఆ రెండోసారి కూడా పున్నమి ఘాట్‌కు ఎలా వెళ్ళాలో పేజీ చెప్పగలిగితే, అప్పుడు దాన్ని జనం ముందు పెట్టవచ్చు.